పానశాలలో సంసర్గదోషము

మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున మహాపాతకములను లెక్కించుచు స్మృతికర్త బ్రహ్మహత్య, సురాపానము, స్వర్ణస్తేయము, గురుతల్పగమనము అను నాలుగింటిని పేర్కొని, వీనిని చేసినవారితోడి సంసర్గమును ఐదవదానిగా చేర్చినాడు. మొదటి నాలుగును మనుష్యుడు తన కరచరణాదులతో చేయు పాపములు. ఐదవదానికి చేత యనునదే యక్కరలేదు, చెంత నుండిన చాలును. పతితునితో ఒక సంవత్సరకాలము ఒకే పీఠమున కూర్చుండి, ఒకే పంక్తిని భుజించి, ఒకే వాహనమున ప్రయాణించువాడు తానును పతితుడగునని యా యధ్యాయమందే మరికొంత దూరమున వివరణము కలదు. హంతకుల మాటయు, చోరుల మాటయు నటుండగా, త్రాగువారి సరసన త్రాగక కూర్చుండువాని గతి యేమి యను సందేహము నాకు చిరకాలముగా నున్నను, అది పుస్తకపు సందేహముగానే యుండి, టోక్యో నగరమున ఎబిసు అను పేటలో, బంధుమిత్రులతో గూడి యొక నవీన పానభోజనశాలయందు కూర్చున్ననాడు గాని జీవితపు సందేహముగా మారలేదు.

ఇట్టి శాలను జపనీయులు ఇజకాయ యందురు. టోక్యోకు ఎడో యని పేరున్న కాలమున, మద్యము కొలిచి యమ్ము దుకాణములలో, కొన్నదానిని ఇంటికి గొనిపోక అక్కడనే త్రాగి పోవువారికై వర్తకులు నంజుకొను పదార్థములను చిన్నచిన్న పళ్లెములలో అమర్చుటతో నీ సంప్రదాయము వృద్ధిపొందినది. ఎర్రని కాగితపు లాంతరు, గుమ్మమునకు వ్రేలాడు నూలుతెర, పుల్లలకు గ్రుచ్చిన కోడిమాంసము బొగ్గులపై కాలుచుండగా లేచు పొగ, వచ్చినవారినెల్ల ఒక్కుమ్మడిగా స్వాగతించు పరిచారకుల కేక - ఇవి పాత ఇజకాయకు లక్షణములు. మేము పోయినది క్రొత్త తరహాది. గోడలు పూత లేని సిమెంటువి; బల్ల రంగు పూయని దేవదారు పలక; దీపములు ముఖములపై గాక పళ్లెములపై మాత్రమే వెలుతురు పడునట్లు అమర్చినవి; కావలసినవి అడుగుటకు నోటితో పనిలేకుండ చేతికొక గాజుపలక. బీదయింటికి సహజమైన నిరాడంబరతను ఇంత ధనము వెచ్చించి సంపాదించుట చూడగా, బైరాగి వేషమునకు పట్టుబట్ట కుట్టించినట్లు నాకు తోచినది. గుమ్మముపై దేవదారు రెమ్మలతో గుండ్రముగా కట్టిన పెద్ద బంతి యొకటి వ్రేలాడుచుండెను. నారా ప్రాంతమందలి ఓమివా క్షేత్రము మద్యము కాచువారికి ఆరాధ్యస్థానము. క్రొత్త మద్యము సిద్ధమైనపుడు కాచువారు తమ చూరునకు ఇట్టి పచ్చని బంతిని కట్టుదురు. నెలలు గడచినకొలది అది గోధుమవన్నెకు మారుచు, లోపలి మద్యము పక్వమగుచున్నదని దారిన పోవువారికి తెలుపుచుండును. ఆ దేవతాచిహ్నమే యిచ్చట గుమ్మపు టలంకారమైనది.

పేట పేరును దైవసంబంధమైనదే. చేత గాలపుకోలయు, చంకలో చేపయు నుంచుకొని నవ్వుచుండు ఎబిసు జాలరులకును వర్తకులకును ఇష్టదైవము. 1890లో ఒక బీరునకు ఆ దేవుని పేరు పెట్టిరి. ఆ బీరును సరఫరా చేయుటకై 1901లో వెలసిన రైలుస్టేషనునకు బీరు పేరు వచ్చినది. స్టేషను పేరు క్రమముగా పేటకు సంక్రమించినది. ఇది విని నవ్వుటకు మనకు అధికారము లేదు. లక్ష్మీదేవి పేరును, ఏడుకొండలవాని పేరును నుదుట వ్రాసికొన్న వైన్ షాపులు మన వీథులలో కోకొల్లలు.

మా మేనల్లుడు ఆ నగరమున సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భారతీయులు విస్తారముగా నివసించు నిషికసాయిలో కాపురము. శుక్రవారపు సాయంకాలములందు తోడి యుద్యోగులతో గూడి యిట్టి శాలలకు పోవుట యచ్చటి కొలువులలో నించుమించు విధివంటిది గనుక అతడును పోవుచుండును. ఒక గ్లాసు బీరు పుచ్చుకొనును. నన్ను వెంటబెట్టుకొని పోయిననాడును దానిని దాచలేదు. నేను త్రాగను, మాంసమత్స్యములు ముట్టను. కూర్చుండగానే వేడి తువాలును, దాని వెనుకనే యెవరును కోరని యొక చిన్న గిన్నెయు వచ్చినవి. దీనిని ఓతోషి యందురు. కోరకున్నను వచ్చును, తినకున్నను మూడు నాలుగు వందల యెన్నులు పద్దులో చేరును. అయాచితముగా లభించినదానితోనే తృప్తిపడవలెనని మన సన్న్యాసులకు నియమము కలదు గాని, అయాచితమునకు వెల కట్టు విద్య వారికి తెలియదు. గిన్నెలు, గ్లాసులు బల్లపై నిండిన తరువాత మా వాడు నా ముందున్న టీ గ్లాసు చూచి, "మామయ్యా, మీరు మందు ముట్టుకోలేదు సరే, మాతో కూర్చున్నందుకైనా పాపం తగులుతుందా?" అని యడిగెను. మాట పరిహాసముగానే పడినను, అది నా కొరకు అడిగినది కాదని నాకు తెలిసినది.

సురను గురించి మనువు చెప్పినది కఠినము. బెల్లముతో చేసినది, పిండితో చేసినది, మధూకముతో చేసినది యని సురను మూడు తెగలుగా విభజించి, ధాన్యము యొక్క మలమే సుర యని యాయన నిందించినాడు. బుద్ధిపూర్వకముగా త్రాగిన ద్విజునకు మరిగించిన సురయే ప్రాయశ్చిత్తమనినాడు. ఈ విభాగమున జపానువారి బియ్యపు మద్యమగు సాకే పైష్టి, అనగా పిండితో చేసిన తెగ, యనదగినది. అన్నమునకు కోజి యను బూజు పట్టించి, చక్కెరగా మార్చి, పులియబెట్టి పిండినది. ఇందులో నొక వింత యున్నది. ఉత్తమజాతి సాకేకు బియ్యపుగింజను సగమునకు పైగా దంచి, పై పొరలలోని మాంసకృత్తులును క్రొవ్వును మలినములని తీసివేసి, నడుమనున్న తెల్లని హృదయమును మాత్రమే గ్రహింతురు. మనువు దేనిని ధాన్యమలమనెనో దానికొరకే వీరు ధాన్యమునుండి మలమును ఇంత శ్రద్ధగా తొలగించుచున్నారు. శుద్ధి యను భావము ద్రవ్యమునందే నిలిచినచో నిట్లే తల్లక్రిందులగుచుండును.

నిషేధములు పుట్టిన కథలను చూచినచో విషయము మరికొంత తేటపడును. ఆదిపర్వమున రాక్షసులు కచుని చంపి, దహించి, ఆ భస్మమును సురలో కలిపి శుక్రాచార్యునకిచ్చిరి. సంజీవని తెలిసిన యంతటి ప్రాజ్ఞుడు తాను త్రాగుచున్నది శిష్యుని దేహమని యెరుగక త్రాగెను. ఎరిగిన పిమ్మట సురను శపించెను. వినయపిటకమున సాగతుడను భిక్షువు కథ యిట్టిదే. ఘోరమైన నాగమును తన తేజస్సుచే లొంగదీసినవాడు, కౌశాంబీ గృహస్థులు భక్తితో ఇంటింట పోసిన మద్యమును త్రాగి నగరద్వారమున పడిపోయెను. బుద్ధుడు భిక్షువులను జూచి, ఇప్పుడితడు నీటిపామునైనను లొంగదీయగలడా యని యడిగి, మద్యపానమును నిషేధించెను. ఇద్దరును నీచులు కారు, మందమతులు కారు. తామేమి చేయుచున్నారో తెలియని యొక క్షణము వారికి కలిగినది. ఆ క్షణమే దోషము. అందుచేతనే పంచశీలములలో నైదవది మద్యమును ప్రమాదమునకు, అనగా ఏమరుపాటునకు, నెలవని చెప్పి వర్జించినది. మన నాగార్జునాచార్యునకు ఆరోపింపబడి, నేడు చీనాభాషలో మాత్రమే నిలిచియున్న మహాప్రజ్ఞాపారమితాశాస్త్రమున మద్యపుదోషములు ముప్పదియైదు లెక్కింపబడినవి. ధననాశముతో మొదలగు నా పట్టికలో పెక్కు దోషములు ఈ యేమరుపాటు యొక్క సంతానమే. అయినను బౌద్ధము ద్రవ్యమును బొత్తిగా నిర్దోషమని విడిచిపెట్టినదని యెవరును సంతోషింప నక్కరలేదు. గడ్డిపరక కొనతో తీసినంతైనను త్రాగరాదని భిక్షువునకు నియమము. ఏమరుపాటు ఏ చుక్కతో మొదలగునో త్రాగువానికి తెలియదు గదా.

ద్రవ్యసంసర్గము మాట వచ్చినది గనుక, ఆ రాత్రి నాకు ఎదురైన మరియొక చిక్కును చెప్పెదను. శాకాహారికి ఇజకాయలో శత్రువు మాంసము గాదు. మాంసము కంటికి కనబడును, తొలగించవచ్చును. శత్రువు దాషి యను రసము. కొంబు యను సముద్రపు నాచును నానవేసి, ఎండించి పొగబెట్టిన చేపను పలుచగా చిత్రికపట్టి, ఆ పొరలను వేడినీటిలో కొంచెము సేపుంచి, వడగట్టి పారవేయుదురు. చేప పోయినది, దాని సంసర్గము మాత్రము నీటిలో మిగిలినది. వంకాయయు, టోఫుయు, గ్రుడ్డును, సేమియాయు నా రసముననే యుడుకును. 1908లో టోక్యో విశ్వవిద్యాలయాచార్యుడు ఇకెడా కికునాయె కొంబునుండి గ్లుటమేటును వేరుచేసి, ఆ రుచికి ఉమామి యని పేరు పెట్టినాడు. కాని భక్తునకు రసాయనశాస్త్రము ఊరట యీయదు. తనకొరకు చంపినట్లు చూడక, వినక, శంకింపక యున్నచో భిక్షువు మాంసమును స్వీకరింపవచ్చునని పూర్వబౌద్ధులు మూడు మెట్ల పరీక్ష పెట్టిరి. ఆ పరీక్షలో ఆ వంకాయ నెగ్గును. ఆ చేపను నాకొరకు ఎవరు పట్టిరి? అయినను నేను తినలేదు. వాదమున గెలిచినది గొంతు దిగవలెనని నియమము లేదు. జెన్ మఠములవారు కొంబుతోను, ఎండు పుట్టగొడుగులతోను మాత్రమే రసము చేయుదురు. పదమూడవ శతాబ్దమున డోగెన్ ఆచార్యుడు వంటవాని కర్తవ్యమును గూర్చియే యొక గ్రంథము వ్రాసిన మార్గము వారిది. అది లభింపనందున ఉప్పువేసి యుడికించిన పచ్చి సోయాకాయలతోను, ఊరవేసిన ప్లమ్ పండు నడుమ పెట్టిన అన్నపుముద్దతోను నా విందు ముగిసినది; దానికి నాకు విచారము లేదు.

త్రాగువారి నడుమ త్రాగనివాడు అను చిత్రమునకు బౌద్ధవాఙ్మయమున నొక మహోదాహరణము కలదు. వైశాలీనగరపు గృహస్థుడు విమలకీర్తి ద్యూతశాలలకు పోయెను, వేశ్యావాటికలకు పోయెను, పానశాలలకును పోయెను. పోయి, అచ్చటివారికి స్మృతిని కలిగించెనని ఆయన పేరిట వెలసిన సూత్రము చెప్పుచున్నది. 406లో కుమారజీవుడు చీనాభాషలోనికి తెచ్చిన యీ గ్రంథముపై జపాను యువరాజు షోతోకు వ్యాఖ్య వ్రాసెనని యచ్చటి సంప్రదాయము. సంస్కృతమూలము నశించినదని పండితులు చిరకాలము దుఃఖింపగా, టోక్యోలోని తైషో విశ్వవిద్యాలయమువారు 1999లో లాసా నగరపు పోతల సౌధమున దానిని కనుగొనిరి. భారతదేశము రెండు నోళ్లతో పలికినదని దీనివలన తేలుచున్నది: మనువు చెంతకు పోవలదనెను, విమలకీర్తి తానే లోపలికి పోయెను.

జపాను దేశము రెండవదానిని కౌగిలించుకొన్నది. కొంచెము గట్టిగానే కౌగిలించుకొన్నదని నా యభిప్రాయము. ఒకవైపున ఘాటు కూరలును మద్యమును ఈ ద్వారము దాటరాదని జెన్ దేవాలయముల వాకిట శిలాస్తంభములు నిలిచియుండగా, మరియొకవైపున నారాలోని షోర్యకుజి మఠమున భిక్షువులే మద్యము కాచిరి. తేటమద్యమునకు అదియే జన్మస్థలమని నేడచ్చట శిలాఫలకము కలదు. మఠములలో దానిని 'ప్రజ్ఞాజలము' అను ముద్దుపేరుతో పిలిచికొనిరి. పదునైదవ శతాబ్దమున ఇక్క్యూ అను జెన్ గురువు పానశాలలకు పోయి, పోయితినని బాహాటముగా పద్యములు చెప్పెను. ఆయన దాచలేదు, అది గొప్ప. కాని ఇక్క్యూ పేరు చెప్పుకొని గ్లాసెత్తువారిలో ఇక్క్యూ వలె మఠాధికారమును, మర్యాదను తృణీకరించినవారెందరు? విమలకీర్తి ఇతరులకొరకు పోయెను. మనము మనకొరకు పోయి, ఆయన పేరు చెప్పుదుము.

అయినను ఆ బల్లయొద్ద నేను చూచినదొకటి నన్ను ఆలోచింపజేసినది. ఎవరి పాత్రలో వారు మద్యము పోసికొనుట అచ్చట మర్యాద గాదు. ప్రక్కవాని పాత్ర ఖాళీయగుచున్నదా యని కనిపెట్టి, సీసాను రెండు చేతులతో పట్టి పోయవలెను; పోయించుకొనువాడు పాత్రను ఎత్తి పట్టవలెను; పిమ్మట అతడు సీసాను గ్రహించి మొదటివానికి పోయవలెను. అందరి పాత్రలును నిండువరకు ఎవరును పెదవి తడుపరు. టీ త్రాగు నా కొరకును ఆగిరి. ప్రమాదమునకు నెలవైన ద్రవ్యము చుట్టును అప్రమత్తతను కంచెగా కట్టినారని నాకు క్షణకాలము భ్రాంతి కలిగినది. భ్రాంతి యని యేల యనుచున్నానన, ఆ కంచె లోనికి పోనిచ్చును గాని వెలుపలికి రానీయదు. ఖాళీ పాత్ర కనబడినచో నింపవలసిన మర్యాద యున్నచోట, ఖాళీగా నుంచుకొనుటకు స్వాతంత్ర్యముండదు. పై యధికారి పోసినదానిని తిరస్కరింపలేని చిన్న యుద్యోగి బాధ ఆ దేశమున నందరికిని తెలిసినదే. బలవంతపు పానమును వేధింపుగా పరిగణించు పలుకుబడియే వారి భాషలో స్థిరపడినది. జపనీయులలో ఇంచుమించు నూటికి నలువదిమందికి, మద్యమునుండి పుట్టు ఎసిటాల్డిహైడును విరిచివేయవలసిన ఎంజైము పుట్టుకతోనే దుర్బలము. ఒక్క గ్లాసుతో ముఖము కందిపోవును, గుండె దడదడలాడును. శాస్త్రము నిషేధింపకున్నను వారి దేహమే నిషేధించుచున్నది. మర్యాద మాత్రము ఆ నిషేధమును వినదు. నేటి యువకులు వినుచున్నారు. 1995లో వయోజనుడొక్కనికి ఏటికి 100 లీటర్లుగా నున్న మద్యపానము 2020 నాటికి 75 లీటర్లకు తగ్గినది. సుంకము తరిగిపోవుచున్నదని దిగులుపడిన అచ్చటి పన్నులశాఖ, 2022లో యువజనులచే త్రాగించు నుపాయములను చెప్పుడని పోటీ పెట్టినది. ప్రభుత్వము బొక్కసము నింపుకొనుటకు పానమును పోషించుట మనకు క్రొత్త గాదు గాని, పోటీ పెట్టుట క్రొత్త.

సంసర్గసిద్ధాంతమును సమర్థించుటకు నేను వెనుదీయుటకు కారణము వేరొకటి కలదు. మన దేశమున నీ సిద్ధాంతమును మద్యముపై ప్రయోగించినదానికంటె మనుష్యులపై ప్రయోగించినది నూరురెట్లెక్కువ. ఏ పాపమును చేయనివారిని, పుట్టుకయే పాపమన్నట్లు, పీఠమునకు, పంక్తికి, బావికి దూరముంచుటకు సంసర్గమను మాటయే కత్తియైనది. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి కూడు పెట్టించినది ఈ కత్తికి ఎదురొడ్డియే. జపనీయులకు తమ విధమైన చాపకూడు కలదు. తారతమ్యములను తాత్కాలికముగా మరచి త్రాగు గోష్ఠిని వారు బురెయికో యందురు. గోదైగో చక్రవర్తి పక్షమువారు కామకురా ప్రభుత్వముపై కుట్ర పన్నుటకు అట్టి గోష్ఠిని తెరగా వాడుకొనిరని 'తాయిహెయికి' యను చరిత్రకావ్యము చెప్పును. మరునాటి యుదయమున తారతమ్యములు యథాస్థానమునకు వచ్చును. త్రాగినంతసేపే నిలుచు సమత్వము కంటె, మెలకువతో కూడు పంచుకొన్న సమత్వము నాకు ప్రియతరము. ఇది దేశాభిమానముచే చెప్పినది గాదు.

మా వాని ప్రశ్నకు సమాధానము చెప్పవలసినపుడు నాకు సాయపడినవాడు విమలకీర్తి కాక మనువే యగుట నాకే యాశ్చర్యము. సంసర్గము స్పర్శమాత్రమున తగులు మైలయే యైనచో సంవత్సరపు గడువు ఏల? ఒక్క సాయంకాలము చాలవలెను. యాజనము, అధ్యాపనము, వివాహసంబంధము - వీనిచేత పాతిత్యము తత్క్షణమే కలుగునని వ్యాఖ్యాతలనిరి. అవి మనుష్యుడు పూర్ణసంకల్పముతో చేయు పనులు. కూర్చుండుటకును, తినుటకును సంకల్పమంతగా అక్కరలేదు; మొదట మర్యాదకు కూర్చుందుము, పిమ్మట అలవాటుచే కూర్చుందుము, ఋతువులన్నియు ఒకమారు తిరిగివచ్చునప్పటికి కూర్చుండక యుండలేము. పరుల యిచ్ఛ మన యిచ్ఛగా మారుటకు పట్టుకాలమును స్మృతికర్త ఒక సంవత్సరమని లెక్కగట్టినాడు. ఆయన కొలచినది మైల గాదని, అలవాటని గ్రహించిననాడు ఆ శ్లోకము మనుష్యులను దూరముంచు కత్తి గాక, ఎవడికి వాడు పట్టి చూచుకొను కొలబద్దయగును. అందుచేత మా వానితో నేననినది యిది: త్రాగితివా లేదా యని నేనడుగను, గ్లాసు ఖాళీగా నుంచుకొని, సీసా చేతబట్టి యధికారి ఎదుట నున్నను, నవ్వుచు లేచి పోగలవా? పోగలిగినంతకాలము ఏ పీఠమున కూర్చున్నను దోషము లేదు. పోలేని శుక్రవారము వచ్చిననాడు, ఒక్క చుక్క త్రాగకున్నను మనువు చెప్పినదే నిజము. మొదటి యేడు సుళువుగా లేచి వచ్చెడివాడననియు, ఇప్పుడు చూచుకొనవలెననియు వాడనెను.

ఆ సాయంకాలమునకు మిగిలినది పద్దు. అచ్చటి యలవాటు ప్రకారము మొత్తమును తలలచే భాగించిరి. మూడు గ్లాసుల టీకిని, గుప్పెడు సోయాకాయలకును నేను సాకే త్రాగినవారితో సమానముగా చెల్లించితిని. త్రాగనివాని వంతు తగ్గించు మర్యాద కొన్ని బృందములలో కలదని పిమ్మట తెలిసినది. టోక్యోలోని మన తెలుగు పిల్లలు జపనీయులనుండి నేర్వదగిన మర్యాదలలో దీనిని మొట్టమొదట నేర్తురు గాక!